ఈ వారం ఎవరు రాలేదు?
ఐర్లాండు పల్లెలో గుడి, ఆటస్థలము



ఐర్లాండు పేరు చెప్పగానే మన సంఘములలో చాలామందికి అక్కడికి ఉద్యోగాలకు వెళ్ళిన నర్సులు గుర్తుకు వస్తారు. మా పెద్దమ్మాయి కూడా వారిలో ఒకరు. గత సంవత్సరం జులై నెలలో మేమిద్దరము అమ్మాయి దగ్గర మూడు వారాలు ఉండి వచ్చాము. ఆ ఊరు దేశానికి పడమటి వైపున, మేయో కౌంటీలో ఉన్నది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. కొండలు, సముద్రము ఎంతో అందముగా ఉన్నవి. అయితే ఆసుపత్రి మనుషులముగా మా మనసులో నిలిచిపోయిన సంగతి వేరే ఉన్నది. దానినే ఇక్కడ వ్రాస్తున్నాము.

అక్కడి పల్లెలకు పారిష్ ఆధారము. మన కథోలిక సహోదరులు దానినే విచారణ అంటారు. గుడి, సమాధుల తోట, బడి, ఆటస్థలము అన్నీ నడిచి వెళ్ళే దూరములో ఉంటాయి. ఆటల క్లబ్బులు కూడా చాలావరకు పారిష్ హద్దుల ప్రకారమే ఏర్పడినవి. ఎవరి పారిష్‌కు వారు ఆడతారు. తాత వేసుకున్న రంగు చొక్కానే మనవడూ వేసుకుంటాడు.

ఈ క్లబ్బులన్నీ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ అనే సంస్థ క్రింద ఉన్నవి. అది 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణములోని ఒక హోటలులో మొదలైనది. అప్పుడు ఐర్లాండు బ్రిటిష్ పాలనలో ఉండేది. తమ సొంత ఆటలు మరుగున పడిపోతున్నవని మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు, మారిస్ డేవిన్ అనే క్రీడాకారుడు మరికొందరితో కలిసి దానిని స్థాపించారు. ఆర్చిబిషప్ థామస్ క్రోక్ గారు దానికి పోషకులుగా ఉన్నారు. డబ్లిన్‌లో 82 వేలకు పైగా జనము పట్టే క్రోక్ పార్క్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

వారి ముఖ్యమైన ఆటలు రెండు. ఒకటి హర్లింగ్. యాష్ అనే చెట్టు కర్రతో చేసిన బ్యాటుతో చిన్న బంతిని గాలిలోనే కొడతారు. తలకు, ముఖానికి దెబ్బలు తగులుతున్నందున 2010 నుండి అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. 2018లో యునెస్కో ఈ ఆటను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చినది. రెండవది గేలిక్ ఫుట్‌బాల్. మేయోలో దీనికే ఎక్కువ ఆదరణ. జట్టుకు 15 మంది. బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తవచ్చును గాని, ప్రతి నాలుగు అడుగులకు ఒకసారి నేలకు కొట్టాలి, లేదా కాలితో పైకి తన్ని పట్టుకోవాలి. అడ్డకర్ర క్రిందుగా వలలో వేస్తే మూడు పాయింట్లు, పైనుండి దాటిస్తే ఒక పాయింటు. 2025లో వచ్చిన నియమము ప్రకారము 40 మీటర్ల గీత అవతల నుండి దాటిస్తే రెండు. ఇంత ఆడినా ఆటగాళ్ళకు జీతము లేదు. ఆదివారం వేలమంది ఎదుట ఆడినవాడు సోమవారం బడిలో పాఠము చెబుతాడు, లేదా పశువులకు మేత వేస్తాడు.

గుడికీ ఆటకూ ఉన్న దగ్గరితనము చెప్పటానికి అక్కడివారు ఒక కథ చెబుతారు. 1951లో మేయో జట్టు దేశపు కప్పు గెలిచి తిరిగి వస్తూ, ఫాక్స్‌ఫర్డ్ అనే ఊరిలో ఒక శవయాత్ర ఎదురైనా ఆగలేదట. అందుకు శాపము తగిలినదట. నిజముగానే ఆ తరువాత 2021 వరకు పదకొండు ఫైనల్స్‌లో ఓడిపోయారు. శాపములను మేము నమ్మము. అయినా దుఃఖములో ఉన్న ఇంటిముందు ఆగకుండా పోవటము ఎంత పెద్ద తప్పుగా వారు తలుస్తారో ఈ కథను బట్టి తెలుస్తుంది. క్లబ్బు సభ్యులు ఎవరైనా చనిపోతే ఆటగాళ్ళు క్లబ్బు చొక్కాలు వేసుకొని పెట్టెకు ఇరువైపులా నిలబడతారు.

ఇప్పుడు మేము కళ్ళారా చూసిన సంగతి. శనివారం సాయంత్రపు పూజకు మేము కూడా వెళ్ళేవారము. ఆచారములలో మనకూ వారికీ తేడాలు ఉన్నా, మమ్మల్ని ప్రేమతో పిలిచి కూర్చోబెట్టారు. మూడవ బెంచీ చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన కూర్చునేవారు. రెండవ వారం ఆ చోటు ఖాళీగా ఉన్నది. పూజ అయిన తరువాత ఒక పెద్దావిడ వాకిట నిలబడి, "ఆయన ఈ రోజు రాలేదేమి?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. వెంటనే ఎదురుగా ఆటస్థలములో పిల్లలకు ఆట నేర్పుతున్న కోచ్‌కు కబురు వెళ్ళినది. ఆయన ఇంకొక అబ్బాయిని తీసుకొని కారులో వెళ్ళారు. పెద్దాయన ఉదయము నుండి వంటగదిలో నేలమీద పడి ఉన్నారు. తుంటి ఎముక విరిగినది. వారు ఆయనను లేవదీయలేదు. దుప్పటి కప్పి, ప్రక్కన కూర్చొని మాట్లాడుతూ అంబులెన్సును పిలిపించారు.

ముసలివారు అలా గంటల తరబడి పడి ఉంటే ఒంటికి పుండ్లు పడతాయి, మూత్రపిండములు దెబ్బతింటాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది. తెల్లవారే వరకు ఎవరూ వెళ్ళకపోయి ఉంటే ఆపరేషన్ దాకా వచ్చేవారో లేదో. మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రికే ఆయనను తెచ్చారు. "అమ్మా, ఆయనకు పిల్లలు లేరు గాని, చూడటానికి ఫుట్‌బాల్ పిల్లలు రోజూ వస్తున్నారు" అని చెప్పినది.

ఆటస్థలము గోడకు ఒక చిన్న పెట్టె చూశాము. ఆగిపోయిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ యంత్రము అది. టైరోన్ జట్టు కెప్టెన్ కోర్మాక్ మెకానలెన్ 2004 మార్చి 2న, 24 ఏళ్ళ వయసులో, గుండె జబ్బుతో నిద్రలోనే చనిపోయాడు. ఆ జబ్బు ఉన్నట్లు ముందుగా ఎవరికీ తెలియదు. ఆయన కుటుంబము ఒక ట్రస్టు పెట్టి, ఆటస్థలములలో ఈ యంత్రములు ఉండేటట్లు పాటుపడినది. తమ దుఃఖమును ఇతరుల ప్రాణరక్షణకు మళ్ళించారు.

అక్కడ అన్నీ బాగున్నవని కాదు. 2022 జనాభా లెక్కలలో కథోలికులమని చెప్పినవారు 69 శాతమే. గురువులు తక్కువై ఒక్కరే రెండు మూడు పారిష్‌లు చూస్తున్నారు. మన దేశపు గురువులు కూడా అక్కడ సేవ చేస్తున్నారు. యువకులు పట్టణాలకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిపోగా కొన్ని పల్లెల్లో 15 మంది దొరకక ప్రక్క ఊరితో కలిసి ఆడుతున్నారు. మనుషులు తగ్గుతున్నా, రానివారి కోసము అడిగే అలవాటును మాత్రము వారు వదలలేదు.

మన పల్లెల్లోనూ పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో ఉండగా ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. రెండు రోజులు పడి ఉండి మా వార్డుకు వచ్చేవారిని మేము చూస్తూనే ఉన్నాము. కాబట్టి ఆరాధన అయిన తరువాత ఎవరు రాలేదో చూడండి. ఫోను ఎత్తకపోతే ఇద్దరు యువకులను ఇంటికి పంపండి. పడిపోయినవారిని లాగి లేపవద్దు. 108కి ఫోను చేయండి. స్పృహ లేక, ఊపిరి సరిగా ఆడకపోతే, 108కి చెప్పి వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండు అంగుళముల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సహాయము వచ్చే వరకు నొక్కుతూ ఉండండి.

ఇది చూపించి నేర్పటానికి మా నర్సులు మీ సంఘమునకు వస్తారు. మీ పాస్టరు గారి ద్వారా కబురు చేయండి. మన యువకుల క్రికెట్, కబడ్డీ జట్లను కూడా తప్పక పిలవండి. పరుగెత్తి వెళ్ళవలసినవారు వారే కదా!