కఱ్ఱపెండలపు రకములు – పురుగులకు తట్టుకొను శక్తి

కఱ్ఱపెండలము చాల నెలలు నేలనుండు పైరగుటచే పురుగుల బాధకు ఎక్కువగా లోనగును. మాటిమాటికి మందు చల్లుటకంటె, తట్టుకొను రకమును నాటుట రైతునకు లాభకరము. అయితే అన్ని పురుగులకును తట్టుకొను రకము లేదు.

చిగురుటాకులపై నూగు గల రకములకు తామరపురుగుల బాధ తక్కువ. నున్నని చిగురు గలవి త్వరగా చెడును. దక్షిణ అమెరికాలో నేలలో దాగి దుంపను పొడుచు పురుగొకటి గలదు. అది చేదు రకముల జోలికి అంతగా పోదు. కొలంబియా దేశమున 2003లో విడుదలయిన నటైమా-31 అను రకము అచ్చటి తెల్లదోమకు తట్టుకొనును.

కాని పిండినల్లి చేదు రకములను సైతము విడువదు. అది 1970 తరువాత ఆఫ్రికాలో ప్రవేశించి పైరులను పాడుచేసెను. పరాగ్వేనుండి తెచ్చిన చిన్న కందిరీగ దానిని అణచెను. 2020లో అది కేరళమునను కనబడెను. ఈ పురుగు నాటెడు కాండపు ముక్కలతోనే ఊరూరికి పోవును.

కావున రైతులు తమ పొలమున ఏ పురుగు బాధించుచున్నదో ముందు తెలిసికొని, దానికి తగిన రకమునే ఎన్నుకొనవలెను. ఎంత మంచి రకమైనను, తెల్లని పిండి అంటిన మొక్కనుండి ముక్కలు కోయరాదు.