పాండీ బజార్‌లో కూర్చున్నదెవరు?

చెన్నై టీ నగర్‌లో పాండీ బజార్ అంటే త్యాగరాయ రోడ్డే. దానికి ఒక కొన మౌంట్ రోడ్డు, ఇంకో కొన పానగల్ పార్కు. దాదాపు తూర్పు పడమరలుగా సాగే వీధి కావడం కెమెరా పట్టుకున్నవాడి అదృష్టం. సాయంత్రం అయిదు దాటాక పార్కు వైపు నడిస్తే ఎండ ఎదురొస్తుంది, సంచులు మోసుకొచ్చేవాళ్ళంతా నీడబొమ్మలైపోతారు. వెనక్కి తిరిగితే అదే ఎండ మొహాల మీద పసుపు పూసినట్టుంటుంది.

జూమ్ లెన్స్ ఇంట్లో వదిలేసి రావడం మంచిది. అవతలి పేవ్‌మెంట్ నుంచి దొంగచాటుగా లాగిన మొహాల్లో ఈ వీధి ఉండదు. 35 ఎం.ఎం. లెన్స్‌తో మనిషి దగ్గరికి వెళ్ళక తప్పదు, వెళ్ళాక పలకరించక తప్పదు. 'అన్నా', 'అక్కా' అంటే చాలు, మన తమిళం ఎంత వంకరగా ఉన్నా పని జరుగుతుంది. కోన్ పట్టి మెహందీ పెట్టే కుర్రాడి వేళ్ళు, మోచేతితో మల్లెపూల మూర కొలిచే ఆమె చెయ్యి, డబరాలోంచి టంబ్లర్‌లోకి కాఫీ ఎత్తిపోసే మాస్టరు... షట్టర్ సెకనులో ముప్ఫయ్యో వంతుకి తగ్గిస్తే ఆ కాఫీ ధార సాగి తీగలా వస్తుంది. ఇవి ఎవరు తీసినా బాగానే వస్తాయి. అదే వీటితో చిక్కు.

నాకు ఆసక్తి కలిగించేది వేరే. ఈ వీధిలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు?

2013లో కార్పొరేషన్ పేవ్‌మెంట్ వ్యాపారుల్ని ఒక కాంప్లెక్సులోకి తరలించింది. 2019 నవంబరులో స్మార్ట్ సిటీ పథకం కింద పాదచారుల ప్లాజా వచ్చింది. కార్లకి దారి తగ్గింది, నడిచేవాళ్ళకి పెరిగింది, బెంచీలు వెలిశాయి. అంతకుముందు ఇక్కడి ఫొటోల్లో జనం నడుస్తూనో, బేరమాడుతూనో కనిపించేవాళ్ళు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుంటున్నారు. చీరల సంచులకి కాపలా కాసే భర్తలు, చెప్పులు విడిచి పాదాలు నొక్కుకునే అమ్మమ్మలు, కార్న్ కప్పు పంచుకునే కాలేజీ పిల్లలు. బెంచీలు గొప్ప మేలే, కానీ పేవ్‌మెంట్ బేరం పలచబడ్డాక ఫ్రేము కొంచెం బోసిపోయిందని నా ఫిర్యాదు.

కూర్చోవడం ఈ పేటకి కొత్తేమీ కాదు, ముఖ్యంగా మనవాళ్ళకి. రోడ్డుకి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజా, ఇద్దరూ తెలుగువాళ్ళే. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల కాపురమున్న రోజుల్లో, సినిమా వేషం కోసం రైలెక్కి వచ్చిన కుర్రాళ్ళు పానగల్ పార్కులో చెట్ల కింద పొద్దుపుచ్చేవాళ్ళు. ఆ కాలపు సినిమా స్టిల్స్ కుప్పలుగా దొరుకుతాయి. ఆ చెట్ల కింద కూర్చున్నవాళ్ళ ఫొటో మాత్రం నా కంటపడలేదు. కెమెరా అప్పుడు స్టూడియో గేటు దాటి రావడమే అరుదు.

ఇక నిలబడ్డవాళ్ళ సంగతి. టీ నగర్ బట్టల షాపుల్లో సేల్స్ పిల్లల కష్టాన్ని దర్శకుడు వసంతబాలన్ 2010లో 'అంగాడి తెరు' అనే తమిళ సినిమాలో చూపించారు. అది రంగనాథన్ వీధి కథ, ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరం. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలని తమిళనాడు 2021లో చట్టం చేసింది. కేరళ అంతకు మూడేళ్ళ ముందే చేసింది. చట్టం వచ్చాక అద్దాల వెనక ఎన్ని స్టూళ్ళు వచ్చాయన్నది కెమెరా తేల్చగల విషయమే, కానీ లోపల ఫొటోలు తీయనివ్వరు.

అందుకే రాత్రి షట్టర్లు దిగే వేళ దాకా ఆగాలి. ఒకే రంగు యూనిఫాం చీరల్లో అమ్మాయిలు గుంపుగా బయటికొస్తారు, మాంబళం స్టేషన్ వైపు పరుగులాంటి నడకతో. ఐ.ఎస్.ఓ. 3200 పెడితే షాపుల లైట్లే చాలు. కొందరు బెంచీ మీద నిమిషంపాటు కూలబడతారు. ఈ వీధిలో నాకు కావలసిన ఫొటో అదే. కానీ అడక్కుండా మీట నొక్కకూడదు. వాళ్ళ మొహం పత్రికలో కనిపిస్తే మర్నాడు సూపర్‌వైజర్‌కి జవాబు చెప్పుకోవలసింది వాళ్ళే.