నాలుగేళ్లకే ఎంట్రన్సా!

అమెరికాలోని ప్రభుత్వ బడుల్లో పసిపిల్లలకి ‘గిఫ్టెడ్’ పరీక్షలు పెడతారు. అక్కడి తెలుగు ఇళ్లలో ఇదో పెద్ద హడావుడి. ఆ పరీక్ష ఏం చెబుతుంది? ఏం చెప్పలేదు?

ఒక పెద్ద చదరం. దాన్నిండా నీలం, పసుపు రంగుల గీతలు. మధ్యలో ఒక ముక్క ఖాళీ. కింద ఐదు ముక్కలున్నాయి. ఖాళీలో సరిగ్గా అతికేది ఏది?

చెప్పాల్సింది ఏ బ్యాంకు ఉద్యోగానికో పరీక్ష రాస్తున్న కుర్రాడు కాదు... ఇంకా షూ లేసు కట్టుకోవడం కూడా రాని బుడతడు! వాడు వేలు పెట్టి చూపించే ముక్కల్ని బట్టి వాడు కూర్చునే తరగతి మారిపోతుంది. కొన్నిచోట్ల బడే మారిపోతుంది.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మమ్మలకి ఈ సంగతి సాధారణంగా ఫోన్లోనే తెలుస్తుంది. ‘అమ్మా, వచ్చే వారం చిన్నోడికి టెస్టుంది. ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడదాం’ అంటుంది కూతురు. ‘అంత పసివాడికి టెస్టేమిటే?’ అని ఇవతల ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యంలో న్యాయం ఉంది. కూతురి కంగారుకీ కారణం ఉంది.

ఊరికో రూలు

అక్కడ ‘పబ్లిక్ స్కూలు’ అంటే మన దగ్గర కొన్ని ప్రైవేటు బళ్లు పెట్టుకునే పేరు కాదు. అచ్చంగా సర్కారు బడి. ఫీజు ఉండదు. ఏ పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది చాలావరకూ ఇంటి చిరునామాను బట్టే తేలిపోతుంది. ఆ బళ్లను నడిపేది స్థానికంగా ఉండే స్కూల్ డిస్ట్రిక్ట్.

అందరికీ ఒకే వేగంతో పాఠం చెబితే, త్వరగా నేర్చుకునే పిల్లలు విసుగెత్తిపోతారు. వాళ్లకి కాస్త వేరే చదువు కావాలన్న ఆలోచన పాతదే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పంపాక ఆ ఆలోచనకి ఊపొచ్చింది. ఆ మరుసటి ఏడాదే చట్టం చేసి మరీ, చురుకైన విద్యార్థుల్ని వెతికేందుకు అమెరికా ప్రభుత్వం డబ్బు కేటాయించింది.

అయితే అంతటా ఒకే పద్ధతి లేదు. వైకల్యాలున్న పిల్లలకి ప్రత్యేక బోధన అందించి తీరాలని దేశమంతటికీ వర్తించే చట్టం ఉంది. చురుకైన పిల్లల విషయంలో అలాంటిది లేదు. రాష్ట్రాలూ, డిస్ట్రిక్టులూ ఎవరి నియమాలు వాళ్లు పెట్టుకుంటాయి. టెక్సస్‌లో ప్రతి డిస్ట్రిక్టూ అలాంటి పిల్లల్ని గుర్తించి బోధించాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. జార్జియాలో మేధాశక్తి, చదువు, సృజన, పట్టుదల... ఈ నాలుగింటినీ చూస్తారు. మూడింటిలో నిర్ణీత స్థాయి అందుకుంటే చాలు. రాజధాని వాషింగ్టన్ పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పిల్లలందరికీ ఒకటి, రెండు తరగతుల్లో పరీక్షలు పెడతారు. ఆ స్కోర్లతోపాటు టీచర్ల అభిప్రాయాన్నీ, పిల్లలు చేసిన పనుల నమూనాల్నీ ఒక కమిటీ పరిశీలిస్తుంది. ఇల్లు మారి పక్క డిస్ట్రిక్టుకి వెళితే కథ మళ్లీ మొదటికొచ్చినా రావచ్చు.

నవోదయ గుర్తుందా!

ఎక్కువగా వినిపించే పరీక్షలు రెండు. ఒకటి కాగ్యాట్. ఇందులో భాష, అంకెలు, బొమ్మలు అని మూడు భాగాలుంటాయి. చిన్న తరగతుల వాళ్లకి ప్రశ్నలన్నీ బొమ్మల్లోనే. ఉదాహరణకి పక్షి - గూడు, మరి కుక్కకి? ఇంకోటి మనస్తత్వవేత్త జాక్ నాగ్లియెరి రూపొందించిన ఎన్‌నాట్. ఇందులో మాటలతో పనే లేదు. అంతా ఆకారాలూ, రంగులూ, వరుసలూ.

ఇవేవో వింత ప్రశ్నలనుకోనక్కర్లేదు. మన జవహర్ నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలుంటే, అందులో 40 ‘మెంటల్ ఎబిలిటీ’వే. వేరుగా ఉన్న బొమ్మను గుర్తించడం, సగం గీసిన బొమ్మను పూర్తిచేయడం... ఊళ్లలో ఆ గైడు పుస్తకం తిరగేసిన ప్రతి ఇంటికీ ఆ చదరాలు తెలుసు. తేడా అంతా వయసులోనే. నవోదయ రాసేది ఐదో తరగతి పిల్లలు. ఇక్కడ వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ!

కొన్నిచోట్ల సైకాలజిస్టు ఒక్కో పిల్లాడినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఐక్యూ పరీక్ష చేస్తారు. ఇందులో సగటు 100. చాలాచోట్ల గీటురాయి 130. అంటే వందమందిలో దాదాపు ఇద్దరికి వచ్చే స్కోరు.

97 అంటే 97 మార్కులు కాదు

ఫలితాల కాగితం వచ్చాక తల్లిదండ్రులు ఎక్కువగా తికమక పడేది ‘పర్సంటైల్’ దగ్గరే. 97వ పర్సంటైల్ అంటే నూటికి 97 మార్కులని కాదు. అదే వయసున్న వందమంది పిల్లల్ని వరుసలో నిలబెడితే, సుమారు 97 మంది వీడి వెనకే ఉంటారని అర్థం. అదే వయసు అంటే నెలలతో సహా లెక్కే. నాలుగేళ్ల మూడు నెలల పిల్లాడిని ఐదేళ్లు నిండబోతున్న పిల్లతో పోల్చరు.

పై అంచున ఈ వరుస చాలా ఇరుగ్గా ఉంటుంది. ఒకటి రెండు ప్రశ్నలు అటూ ఇటూ అయితే చాలు, 97 కాస్తా 90కి జారిపోవచ్చు. ఆ రోజు పిల్లాడికి జలుబు చేసినా, కొత్త మనిషిని చూసి బిడియపడినా, కిటికీలోంచి ఉడత కనిపించినా అంతే. ముప్ఫై ఐదేళ్ల తండ్రి ఆఫీసు మీటింగులో తుమ్మితే జీతం తగ్గదు. నాలుగేళ్ల కొడుక్కి మాత్రం ఆ ఒక్క పూటే లెక్క!

న్యూయార్క్ నేర్పిన పాఠం

ఈ హడావుడికి పరాకాష్ఠ చూసింది న్యూయార్క్ నగరం. అక్కడ 2008 నుంచీ నగరమంతటికీ ఒకే పరీక్ష, ఒకే కటాఫ్ వచ్చాయి. నాలుగేళ్ల పిల్లలే రాసేవారు. 90వ పర్సంటైల్ దాటితే తమ ప్రాంతంలోని గిఫ్టెడ్ తరగతులకి అర్హులు. 97 దాటితే నగరం మొత్తానికీ పేరున్న కొన్ని ప్రత్యేక బళ్లకి అర్హులు. అర్హత వచ్చినా సీటు వస్తుందని నమ్మకం లేదు. మొత్తం సీట్లు రెండున్నర వేలే. ఆ ప్రత్యేక బళ్లకైతే పోటీ 99 దగ్గరే తేలిపోయేది.

పరీక్ష ఉన్నచోట కోచింగు పుట్టకుండా ఉంటుందా! వర్క్‌బుక్కులొచ్చాయి. ట్యూషన్లొచ్చాయి. శిక్షణ ప్రభావం తగ్గించాలని 2013లో నగరం పరీక్షలో ఒక భాగాన్ని మార్చి ఎన్‌నాట్ తెచ్చింది. కొన్నాళ్లకే దానికీ వర్క్‌బుక్కులొచ్చేశాయి. ఆ ఏడాదే ఇంకో విడ్డూరం. స్కోర్లు లెక్కగట్టిన సంస్థ పిల్లల వయసులు సరిగ్గా లెక్కించలేదు. అర్హులైన వేలమందికి తక్కువ స్కోర్లు వచ్చాయి. అనుమానం వచ్చిన తల్లిదండ్రులు నిలదీశాకే పొరపాటు బయటపడింది.

ఇంతకీ సీట్లు ఎవరికి దక్కాయి? నగరంలోని బళ్లలో నల్లజాతి, హిస్పానిక్ పిల్లలే అధికం. గిఫ్టెడ్ తరగతుల్లో మాత్రం తెల్లవాళ్లూ, ఆసియా సంతతి పిల్లలూ ఎక్కువ. ఏళ్ల తరబడి సాగిన వాదోపవాదాల తర్వాత 2021 జనవరిలో పరీక్ష కాంట్రాక్టును పొడిగించడానికి నగర విద్యా మండలి ఒప్పుకోలేదు. దాంతో పరీక్ష పోయింది. 2022లో మేయర్ ఎరిక్ ఆడమ్స్ కిండర్‌గార్టెన్‌లో 100, మూడో తరగతిలో 1,000 సీట్లు పెంచారు. ఎంపిక మాత్రం నర్సరీ టీచర్ల సిఫార్సు, ఆపై లాటరీ. 2025 మేయర్ ఎన్నికల్లోనూ ఇది చర్చకొచ్చింది. కిండర్‌గార్టెన్ స్థాయి ఎంపిక అక్కర్లేదన్న జోహ్రాన్ మమ్దానీ ఆ ఎన్నికల్లో గెలిచారు.

అడిగితేనే చూస్తారా?

అలాగని పరీక్షలన్నీ దండగ అనడానికీ లేదు. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో ఒకప్పుడు టీచరో తల్లిదండ్రులో పేరు చెబితేనే ఐక్యూ పరీక్ష చేసేవారు. అడగడం తెలిసిన ఇళ్ల పిల్లలే ముందుండేవారు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టడం మొదలెట్టారు. అంతే! పేదింటి పిల్లలూ, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలూ గిఫ్టెడ్ తరగతుల్లో బాగా పెరిగారు. అర్థశాస్త్రవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో ఈ సంగతిని 2016లో ప్రచురించారు. ఆ పిల్లలు కొత్తగా పుట్టుకొచ్చినవాళ్లు కాదు. అంతకుముందూ అవే బెంచీల మీద ఉన్నారు... ఎవరూ చూడలేదంతే. ఆర్థికమాంద్యంలో డబ్బుల్లేక ఆ పద్ధతిని కుదించాక వాళ్ల సంఖ్య మళ్లీ పడిపోయింది.

కొలబద్ద కథ

తెలివిని కొలిచే పరీక్షకి ఆద్యుడు ఫ్రాన్సుకి చెందిన ఆల్‌ఫ్రెడ్ బినే. 1905లో థియోడర్ సైమన్‌తో కలిసి ఆయన దాన్ని తయారుచేసింది మేధావుల్ని ఏరడానికి కాదు. బడిలో వెనకబడిన, అదనపు సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి! దాన్ని అమెరికాకి తగ్గట్టు మార్చి 1916లో తెచ్చినవాడు స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు లూయిస్ టెర్మన్. 1921లో ఆయన కాలిఫోర్నియాలో దాదాపు 1,500 మంది ‘మేధావి’ పిల్లల్ని ఎంపికచేసి, వాళ్ల జీవితాల్ని గమనించడం మొదలెట్టాడు. పరీక్షించినా ఎంపిక కానివాళ్లలో ఇద్దరు అబ్బాయిలున్నారు. విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్. ఇద్దరూ పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఒకరు 1956లో, ఇంకొకరు 1968లో.

చిన్నవయసు స్కోర్లు నిలకడగా ఉండవని నిపుణులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. నాలుగేళ్లప్పటి స్కోరుకన్నా ఎనిమిదేళ్లప్పటిది నమ్మదగింది. అందుకే చాలా డిస్ట్రిక్టులు అసలు ఎంపికను రెండు, మూడు తరగతుల దాకా ఆపుతాయి.

తెలుగు అడ్డమా?

మనవాళ్లని ప్రత్యేకంగా వేధించే ప్రశ్న ఇది. బడిలో చేర్చేటప్పుడు ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?’ అని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాడికి ఇంగ్లిష్ ఎంత వచ్చో పరీక్షిస్తారు. అది చూసి, గిఫ్టెడ్‌కి పనికిరాడని ముద్ర పడుతుందేమోనని కొందరు భయపడతారు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోకి మారిపోయేవాళ్లూ ఉన్నారు.

ఇది అనవసరపు భయం. భాషా పరీక్షా, గిఫ్టెడ్ పరీక్షా వేర్వేరు. మాటల్లేని బొమ్మల పరీక్షలు వాడటానికి ఒక ముఖ్య కారణమే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు నష్టపోకూడదని. రెండు భాషల మధ్య పెరగడం పిల్లల ఆలోచనకి అడ్డు కాదు. తాతయ్య పొడుపుకథ విప్పడమూ, పులీ మేకా ఆటలో నాలుగు అడుగులు ముందుకి ఊహించడమూ, అష్టాచెమ్మాలో గవ్వలు లెక్కపెట్టడమూ తర్కమే. పరీక్ష పేరుతో తెలుగు మానిపిస్తే పోయేది స్కోరు కాదు. వేసవిలో ఊరొచ్చిన మనవడితో నాయనమ్మ చెప్పుకునే కబుర్లు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

* డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఏ తరగతిలో, ఏ పరీక్ష, ఎప్పటిలోగా దరఖాస్తు అన్నది చూసుకోవాలి. కొన్నిచోట్ల అందరికీ పెడతారు, కొన్నిచోట్ల అడగాలి. గడువు దాటితే ఏడాది ఆగాల్సిందే.

* ప్రశ్నల తీరు తెలిసేలా ఒకటి రెండు నమూనాలు చూపిస్తే మంచిదే. నెలల తరబడి వర్క్‌బుక్కులు వద్దు. అరువు తెచ్చుకున్న స్కోరుతో సీటొస్తే, తరగతిలో రోజూ ఇబ్బందిపడేది పిల్లాడే.

* ముందురోజు త్వరగా పడుకోబెట్టి, పొద్దున కడుపునిండా టిఫిన్ పెట్టాలి. ఒంట్లో బాగాలేకపోతే ఇంకో తేదీ ఇవ్వమని అడగొచ్చు.

* రాకపోతే అప్పీలుకి వీలుందేమో, మళ్లీ ఎప్పుడు రాయొచ్చో కనుక్కోవాలి. టీచరుతో మాట్లాడితే మామూలు తరగతిలోనే కష్టమైన లెక్కలో, వేరే పుస్తకాలో ఇచ్చే ఏర్పాటు ఉండొచ్చు.

* బాగా చురుకైన పిల్లల్లోనూ కొందరికి చదవడంలో, రాయడంలో ఇబ్బందులుంటాయి. ఒకటి ఉందని రెండోది లేదనుకోకూడదు. రెండిటికీ సాయం అడగాలి.

* ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఒకరికే వస్తే, ‘అక్క గిఫ్టెడ్, తమ్ముడు కాదు’ అనే మాట చుట్టాల ముందు రాకుండా చూసుకోవాలి.

వచ్చినవాళ్లకీ ఒక జాగ్రత్త ఉంది. మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు పిల్లల్ని ‘తెలివైనవాళ్లు’ అని మెచ్చుకున్నారు. ఇంకొందరిని ‘బాగా కష్టపడ్డారు’ అన్నారు. తర్వాత కష్టమైన ప్రశ్నలిచ్చి తడబడేలా చేస్తే, తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలే త్వరగా డీలాపడ్డారు. ఆ పేరు ఎక్కడ పోతుందోనని సులువైన ప్రశ్నలే కోరుకున్నారు. అందుకే స్కోరు ఎంతొచ్చినా ఆ అంకె పెద్దవాళ్ల ఫైల్లో ఉంటేనే మంచిది. పరీక్ష గదిలోంచి బయటికొచ్చిన పిల్లాడిని ‘ఎన్ని కరెక్టు?’ అని అడిగే బదులు ‘ఆకలేస్తోందా నాన్నా?’ అని అడిగితే చాలు.