పాత తుపాకి: దాని వయస్సు, దాని విలువ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలోని పాత గడీని విప్పునపుడో, తాతలనాటి ఇంటి అటకను దులుపునపుడో తుప్పుపట్టిన తుపాకి యొకటి బయటపడవచ్చును. వెంటనే మూడు ప్రశ్నలు పుట్టును. ఇది ఏ రకపుది? ఎన్నాళ్ళ నాటిది? దీని విలువ యెంత? ఈ ప్రశ్నలకు ఊహలు చెప్పెడివారు ఊరినిండ ఉందురు. కాని సమాధానము చాలవరకు ఆ ఇనుములోనే వ్రాసియుండును. దానిని చదువుట తెలిసియుండవలెను.

ఈ ప్రాంతమునకు తుపాకితో పరిచయము పాతది. పాకాల, ఏటూరునాగారము అడవులవైపు వేట యుండెడిది. అడవిపందుల బారినుండి పంటను కాపాడుకొనుటకు రైతులు నోటినుండి మందు దట్టించు నాటు తుపాకులను వాడెడివారు. వీనినే ఇక్కడ భర్మారు లందురు. దొరల గడీలలోనూ తుపాకులుండెడివి. 1946 జూలై 4వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో, ఊరేగింపుపై విసునూరు దేశముఖు మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటములో భర్మారులు, గడీలనుండి తీసికొన్న తుపాకులు దళముల చేతికి వచ్చినవి. కనుక ఇక్కడ దొరకు పాత తుపాకి చరిత్రకు సాక్ష్యమగు అవకాశము గలదు.

మొదట జాగ్రత్త

ఏ పరీక్షకైనను ముందు, తుపాకిలో మందు ఉన్నదనియే భావింపవలెను. సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన తుపాకి మందు పొడిగా నున్నచో దశాబ్దములు గడచినను చెడదు. భర్మారులో మందు దట్టించి మరచిపోయినవారు చనిపోయినను, ఆ మందు మాత్రము గొట్టములో బ్రతికియే యుండవచ్చును. దీనిని తెలిసికొనుటకు నేర్పరులు సన్నని కర్రను గొట్టములోనికి దింపి, మూతివద్ద గుర్తు పెట్టుదురు. తరువాత ఆ కర్రను గొట్టముపై ఆనించి చూచెదరు. గుర్తుకు తగినట్లు కర్ర కొన గొట్టము అడుగుదాక రానిచో, లోపల ఏదో అడ్డు ఉన్నదన్నమాట. ఈ పనిని ఇంటివారు చేయరాదు. లైసెన్సుగల తుపాకి పనివానికే విడువవలెను.

గొట్టము కొలత

లోపలివైపు నునుపుగా నుండి, ఒకేసారి అనేకములైన చిన్న సీసపు గుండ్లను వెదజల్లు తుపాకి షాట్‌గన్. లోపల మెలికలు తిరిగిన గాడులున్నచో అది రైఫిల్. షాట్‌గన్ వెడల్పును 'బోరు' అను లెక్కతో చెప్పుదురు. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు సరిగా పట్టు గొట్టము 12 బోరు. దాని వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. 16 బోరు 16.8, 20 బోరు 15.6 మిల్లీమీటర్లు. గుండ్ల సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్క గుండు చిన్నదగును గనుక, బోరు సంఖ్య పెరిగినచో గొట్టము సన్నమగును.

నిప్పు పుట్టు విధానము

వయస్సు తెలిసికొనుటకు మందును ముట్టించు విధానము మంచి ఆధారము. పూర్వము వెలుగుచున్న వత్తితో ముట్టించు జామగులు ఉండెడివి. తరువాత చెకుముకి రాయి వచ్చెను. 1807లో స్కాట్లాండు మతగురువు అలెగ్జాండర్ ఫార్సైత్ దెబ్బకు మండు రసాయనమును తుపాకికి వాడు పద్ధతికి పేటెంటు పొందెను. దానినుండి 1820 ప్రాంతమున చిన్న రాగి టోపీ పుట్టెను. ఇట్టివానిని టోపీదారు బందూకులందురు. 1860 దశకమున, వెనుకనుండి తూటా పెట్టి, ఆ తూటా అడుగు నడుమ కొట్టు పద్ధతి స్థిరపడెను. 1875లో ఆన్సన్, డీలీ అను ఇరువురు, పైకి సుత్తి కనబడని యంత్రమునకు పేటెంటు పొందిరి.

ఇచ్చట ఒక మెళకువ గలదు. ఈ సంవత్సరములు "ఇంతకంటె ముందుది కాదు" అని మాత్రమే చెప్పును. యూరపులో మూలబడిన టోపీ తుపాకులను మన దేశమున పంట కాపలాకై ఇరువదవ శతాబ్దమునను చేసిరి. కనుక భర్మారు కనబడగానే అది నూటయేబది ఏండ్లనాటిదని నిర్ణయించుట తొందరపాటగును.

గొట్టముపై నీటి అలలు

కొన్ని పాత గొట్టములపై నీటి అలలవంటి చారలుండును. వీనిని 'డమాస్కస్' గొట్టములందురు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించి తయారుచేసిన ప్రసిద్ధమైన ఉక్కుతోనే ఇవి చేయబడినవని కొందరి భ్రమ. యూరపు గొట్టముల పని వేరు. ఇనుప, ఉక్కు పట్టీలను కలిపి మెలిపెట్టి, ఎఱ్ఱగా కాల్చి, కడ్డీచుట్టు చుట్టి, సుత్తితో అతుకుదురు. ఆమ్లము తగిలినపుడు రెండు లోహముల రంగులు వేరై చారలు బయటపడును. లోపలి తుప్పు ఈ అతుకులవెంట సాగి గొట్టమును బలహీనపరచును. ఇట్టి గొట్టములో నేటి పొగలేని మందు తూటా ప్రేల్చినచో, గొట్టము పగిలి చేయి పోవు ప్రమాదము గలదు.

ముద్రల భాష

గొట్టములను విప్పినపుడు అడుగున కనబడు చిన్న ముద్రలే అసలైన జన్మపత్రిక. ఇంగ్లండులో ప్రతి గొట్టమును అధిక మందుతో ప్రేల్చి పరీక్షించి ముద్ర వేయుదురు. లండనులో ఈ అధికారము 1637లో రాజపత్రము పొందిన తుపాకి పనివారి సంఘమునకు, బర్మింగ్‌హామ్‌లో 1813 నాటి శాసనముచే ఏర్పడిన పరీక్షాశాలకు గలదు. 'నాట్ ఫర్ బాల్' అను మాటలున్నచో ఆ గొట్టము 1875, 1887 సంవత్సరముల నడుమ పరీక్షింపబడినది. కిరీటము క్రింద బి.పి., బి.వి., ఎన్.పి. అను అక్షరములు 1904 తరువాతి బర్మింగ్‌హామ్ ముద్రలు. ఎన్.పి. పొగలేని మందు పరీక్షకు గుర్తు. కోడిగ్రుడ్డు ఆకారములో ఈ.ఎల్.జి. అక్షరములున్నచో అది బెల్జియములోని లీజ్ నగరపుది. వానిపై కిరీటము కూడ నున్నచో 1893 తరువాతిది.

పైన చెక్కిన పేరు తయారుచేసినవానిదే కానక్కరలేదు. కలకత్తా కంపెనీ పేరున్న తుపాకి బర్మింగ్‌హామ్‌లో తయారై, అక్కడ అమ్మకమునకు వచ్చినదై యుండవచ్చును. ప్రసిద్ధుల పేర్లను అనుకరించి చెక్కిన చౌక తుపాకులును కలవు. పేరు ఒకటి చెప్పి, ముద్రలు వేరొకటి చెప్పినచో ముద్రలనే నమ్మవలెను.

విలువ దేనిలో ఉన్నది?

వయస్సొక్కటే విలువ కానేరదు. తయారీదారు, పనితనము, భాగములన్నియు మొదటివేయగుట, గొట్టముల స్థితి, వ్రాతపూర్వకమైన చరిత్ర, ఇవియే వెల కట్టువారు చూచునవి. ఇసుక కాగితముతో రుద్ది తళతళలాడించినచో ముద్రలు, చారలు, పాత రంగు చెరిగి విలువ సగము పోవుటయే గాక సాక్ష్యమును నశించును. "ఇది పోరాటములో వాడినది" అను కుటుంబకథకు పాత లైసెన్సు, రశీదు, ఫోటో తోడైనపుడే బలము. అట్టి కాగితములు తుపాకికంటె ముందు భద్రపరుపదగినవి.

చట్టమును మరువరాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకికి లైసెన్సు కావలెను. మరమ్మతు చేసినను పేలని పాత వస్తువులకు 45వ సెక్షను మినహాయింపునిచ్చును. కాని ఒక తుపాకి అట్టిదగునో కాదో ఇంటివారు తమంతట నిర్ణయించుకొనరాదు. లైసెన్సులేని తుపాకి దొరికినచో సమీప పోలీసు స్టేషనుకు తెలుపవలెను. నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టము వర్తించును. వానిని ప్రైవేటువారు విదేశములకు పంపుట నిషిద్ధము.

పాత తుపాకిని కాల్చి పరీక్షించుటలో లాభమేమియు లేదు. కొలిచి, చదివి, కాగితములతో పోల్చి చూచినపుడే అది తన కథను చెప్పును. ఆ కథ ఒక్కొక్కప్పుడు దాని వెలకంటె గొప్పది.