బార్డోలీ నేల విలువ ఎంత?

1928 వేసవిలో సూరత్ జిల్లా బార్డోలీ తాలూకా రైతులు జప్తు అధికారుల కంటబడకుండా గేదెలను సైతం ఇంటిలోనే దాచి తలుపులు బిగించుకొన్నారు. నేల విలువ ఎంత అన్న లెక్క వద్దనే ఈ తగాదా పుట్టింది. కౌలు పెరిగినది కనుక భూమి విలువా పెరిగినదని బొంబాయి ప్రభుత్వం శిస్తును సుమారు 22 శాతం హెచ్చించింది. నిజానికి కౌలుకు పోయిన పొలం అధికారులు ఊహించినదానికన్న ఎంతో తక్కువ. స్వయంగా సాగుచేసే రైతుకు ఎడ్లు, విత్తనం, కూలి ఖర్చులు పోగా ఏమి మిగిలిందన్న ఊసే లేదు!

వల్లభభాయి పటేల్ నాయకత్వాన రైతులు శిస్తు నిరాకరించారు. ఆగస్టులో ప్రభుత్వం దిగివచ్చింది. విచారణకు వచ్చిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ దొరలు ఊళ్లు తిరిగి, సుమారు 6 శాతం పెంపే న్యాయమని 1929లో తేల్చారు.

ఆ తగ్గింపు పట్టాదారుకు దక్కింది. పొలం దున్నిన దుబ్లా కూలీలలో అనేకులు పెళ్లి అప్పుకై యజమానికి కట్టుబడిన ‘హాలీ’లు; వారి అప్పు మాత్రం అప్పుగానే ఉండిపోయింది.