చేతి పువ్వు, చేతి రొట్టె: సామూహిక యుద్ధస్మరణలో రెండు రూపాలు

వ్యాససంగ్రహం: యుద్ధమృతులను సమాజం శిలాఫలకాలతోనే కాక, తన చేతులతో చేసిన వస్తువులతో కూడా స్మరిస్తుంది. పాశ్చాత్య సమాజాలలోని చేతి పువ్వును, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలోని రొట్టెను పోల్చి, రెండింటిలో స్మరణ సాగే తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యుద్ధస్మరణ, గసగసాల పువ్వు, రొట్టెల పండుగ, బారాషహీద్ దర్గా, మొక్కు.

1. చేతి పువ్వు

మొదటి ప్రపంచయుద్ధం జరిగిన ఫ్లాండర్స్ పొలాలలో ఎర్రని గసగసాల పూలు విరివిగా పూసేవి. 1915లో జాన్ మెక్‌క్రే రాసిన కవిత వల్ల ఆ పువ్వు మృతవీరుల చిహ్నమైంది. 1921 నుండి బ్రిటన్‌లో కృత్రిమ పూలను అమ్మి మాజీ సైనికులకు సహాయం చేస్తున్నారు. 1922లో మేజర్ జార్జ్ హౌసన్ నెలకొల్పిన పూల కర్మాగారం యుద్ధంలో అంగవికలులైన సైనికులకు జీవనోపాధి కల్పించింది. 2018లో, ఆ యుద్ధంలో పాల్గొన్న భారతీయ సైనికుల స్మృత్యర్థం ఖాదీ వస్త్రంతోనూ ఈ పూలు చేశారు.

ఆస్ట్రేలియాలో 2013లో లిన్ బెర్రీ, మార్గరెట్ నైట్ తమ తండ్రుల స్మృతికి కొద్దిపాటి అల్లికపూలు సమర్పించాలనుకున్నారు. ఆ సంకల్పం ‘5000 పాపీస్’ పేరిట సామూహిక కార్యమైంది. ఎందరో ఇళ్లలో కూర్చొని పూలు అల్లి పంపగా, వాటి సంఖ్య 2,50,000 దాటింది. ఇక్కడ అల్లడమే స్మరణ. ఒక పువ్వు పూర్తయ్యే వరకు అల్లేవారి మనసు మృతునితో ఉంటుంది.

2. నెల్లూరు రొట్టె

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. బారాషహీద్ అంటే పన్నెండుగురు అమరులు. గండవరం వద్ద జరిగిన యుద్ధంలో వారి తలలు తెగిపడగా, మొండేలను గుర్రాలు ఈ చెరువు దగ్గరకు చేర్చాయని స్థానిక కథనం. ఒక రజక స్త్రీకి కలలో అమరులు కనిపించి, తమ సమాధుల వద్ద మట్టితో ఆర్కాటు నవాబు భార్య వ్యాధి నయమవుతుందని చెప్పారనీ, అలాగే నయమైందనీ మరో కథనం. రొట్టెల ఆచారానికి మూలం ఈ కథేనని చెబుతారు.

ఏటా మొహర్రం నెలలో భక్తులు ఇంట్లో కాల్చిన రొట్టెలతో చెరువులోకి దిగుతారు. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక గలవారు పుచ్చుకుంటారు. విద్య, పెళ్లి, సంతానం, ఉద్యోగం, ఆరోగ్యం అంటూ ప్రతి కోరికకూ ఒక రొట్టె ఉంది. పుచ్చుకున్నవారు కోరిక తీరాక తిరిగి వచ్చి మరొకరికి ఇవ్వాలి. సమాధులపై పరిచే పూలచాదరు భక్తునికీ అమరునికీ మధ్య సమర్పణ. రొట్టె మాత్రం ఇద్దరు అపరిచితులను కలుపుతుంది. ఇచ్చేవారి మతాన్ని పుచ్చుకునేవారు అడగరు.

3. పోలిక

అల్లికపువ్వు వాడిపోదు, మృతుని పక్షాన నిలిచి ఉంటుంది. రొట్టె ఆ పూటే తినవలసినది. అందుకే ఏటా మళ్లీ చేయాలి. పువ్వు ‘ఎవరు మరణించారు’ అని అడిగితే, రొట్టె ‘బతికున్నవారికి ఏం కావాలి’ అని అడుగుతుంది. అయితే ఈ భేదం సంపూర్ణం కాదు. హౌసన్ కర్మాగారంలో పువ్వు కూడా బతికినవారికి అన్నమే పెట్టింది.

రొట్టె వైపు ఒక నష్టమూ ఉంది. కోరిక ముందుకు వచ్చినకొద్దీ యుద్ధం వెనక్కు జరుగుతుంది. చెరువులో నిలబడినవారికి ఉద్యోగపు రొట్టె ఎక్కడ దొరుకుతుందో తెలిసినంతగా, అమరులు ఎవరితో, దేనికోసం పోరాడారో తెలియకపోవచ్చు.

ముగింపు

రొట్టెల పండుగను మొక్కుగానో, మతసామరస్యానికి నిదర్శనంగానో మాత్రమే వర్గీకరిస్తే దాని పునాదిలోని యుద్ధం కనుమరుగవుతుంది. దానిని యుద్ధస్మరణగానూ చదవాలి. అందుకు దర్గా దగ్గర ఆగక, గండవరం కథనాలనూ, వాటి పాఠాంతరాలనూ సేకరించడం జానపద పరిశోధకుల తక్షణ కర్తవ్యం. రొట్టె ఏటా తిరిగి వస్తుంది. కథ చెప్పే పెద్దలు తిరిగి రారు.