ఉచితముగా దొరికే వి.పి.ఎన్. మన ఇంటి ఫోనుకు సరిపోతుందా?

దుబాయి వెళ్ళిన తల్లి, కువైట్‌లో ఉన్న కుమారుడు, మస్కట్‌లో ఉన్న అల్లుడు... ఇలాంటి కుటుంబాలు కోనసీమ గ్రామాలలో, కడప జిల్లాలో, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో ఎన్ని ఉన్నవో మీకు మేము వేరే చెప్పనక్కరలేదు. దుబాయి ఉన్న యు.ఏ.ఇ. దేశములో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గాని, వాట్సాప్ కాల్స్‌ను అక్కడి టెలిఫోను నియంత్రణ సంస్థ చాలా ఏళ్ళుగా అడ్డుకుంటూ వచ్చినది. బిడ్డ ముఖము చూచి మాట్లాడాలని తల్లి ఆరాటపడుతుంది. గదిలో ఉన్నవారు, "ఈ వి.పి.ఎన్. వేసుకో అక్కా, కాల్ కలుస్తుంది, డబ్బులు కట్టనక్కరలేదు" అంటారు. ఆమె వేసుకుంటుంది. కాల్ కలుస్తుంది. ఇక ఆ యాప్ ఎవరిది, ఏ దేశానిది అని అడిగేవారు ఎవరు?

ఇక్కడ మన ఊళ్ళలోనేమో కారణము వేరు. యౌవనస్థుల ఫోన్లలో పైభాగాన చిన్న తాళపుచెవి గుర్తు కనిపిస్తున్నది. అదేమిటి బాబూ అని అడిగితే, "సేఫ్టీ కోసము అయ్యగారూ" అంటారు. కొందరికి నిజముగా సేఫ్టీ కొరకే. మరికొందరి సంగతి తరువాత చెప్తాము.

ఉచిత వి.పి.ఎన్. రోజువారీ వాడకానికి మంచిదేనా అని తల్లిదండ్రులు, పిల్లలు కూడా మమ్మును అడుగుతున్నారు. దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడము కుదరదు. ఏ వి.పి.ఎన్., ఏ పనికి అన్నదాన్ని బట్టి సమాధానము మారుతుంది. అయితే ముందు అది చేసే పని ఏమిటో తెలియాలి.

మీ ఊరి నుండి పట్నములోని బంధువుకు ఉత్తరము వ్రాశారనుకోండి. ఊరి పోస్టుమాన్ కవరు మీద చిరునామా చూస్తాడు. ఫలానావారికి వ్రాశారని అతనికి తెలుస్తుంది. అది మీకు ఇష్టము లేక, ఆ కవరును ఇంకొక పెద్ద కవరులో పెట్టి, వేరే ఊరిలోని ఒక మనిషికి పంపారు. అతడు పై కవరు చించి, లోపలి కవరును తన ఊరి పోస్టాఫీసులో వేస్తాడు. ఇప్పుడు మీ పోస్టుమాన్‌కు ఏమీ తెలియదు. ఉత్తరము అందుకున్న చోట కూడా అది ఆ వేరే ఊరి నుండి వచ్చినట్టే కనిపిస్తుంది. వి.పి.ఎన్. అంటే ఆ మధ్య మనిషే. పోస్టుమాన్ అంటే మీ సిమ్ కంపెనీ, లేదా మీరు వాడే వై-ఫై యజమాని.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మీ ఊరి పోస్టుమాన్‌కు తెలియకుండా పోయినదంతా ఇప్పుడు ఆ మధ్య మనిషికి తెలుస్తున్నది. రహస్యము ఎక్కడికీ పోలేదు, చేతులు మారినది, అంతే. సిమ్ కంపెనీ అయితే మన దేశ చట్టానికి లోబడి, ఆధార్ తీసుకొని, బిల్లు వసూలు చేసి నడుస్తుంది. ఆ మధ్య మనిషి పేరు కూడా మనకు తెలియదు. పైగా జీతము లేకుండా పని చేస్తానంటున్నాడు!

జీతము లేదన్న మాట దగ్గర కొంచెము ఆగుదాము. వి.పి.ఎన్. నడపాలంటే అనేక దేశాలలో కంప్యూటర్లు అద్దెకు తీసుకోవాలి, లక్షల మంది చూచే వీడియోల భారమంతా వాటి గుండా పోవాలి. ఆ ఖర్చు నెలనెలా ఎవరో ఒకరు కట్టవలసినదే. ఎవరు, ఎలా కట్టారో గడచిన కొన్ని ఏళ్ళలో బయటపడిన సంగతులు చూడండి.

ఫేస్‌బుక్ సంస్థ 2013లో ఓనావో అనే ఇజ్రాయెల్ కంపెనీని కొన్నది. ఆ కంపెనీ ఉచిత వి.పి.ఎన్. మీ సమాచారాన్ని కాపాడుతుందని ప్రచారము చేశారు. కాపాడే మాట అటుంచి, ఎవరు ఏ యాప్‌ను ఎంతసేపు వాడుతున్నారో అది పోగుచేసి తన యజమానికి అందించినది. ఏ పోటీ కంపెనీ పెరుగుతున్నదో తెలుసుకొనడానికి ఆ లెక్కలు పనికివచ్చినవి. 2018లో ఆపిల్ సంస్థ నియమాలకు విరుద్ధమని చెప్పగా, అది ఆపిల్ స్టోరు నుండి తొలగిపోయినది. 2019లో ఆండ్రాయిడ్‌లో కూడా మూతపడినది. ఈ సంగతిని వాడేవారికి సరిగా చెప్పనందుకు 2023 జూలైలో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫేస్‌బుక్‌కు చెందిన రెండు అనుబంధ కంపెనీలకు కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు జరిమానా వేసినది. ఇంత పెద్ద పేరున్న సంస్థే ఇలా చేస్తే, పేరు లేనివారి సంగతి ఊహించుకోవచ్చును.

హోలా అనే మరొక ఉచిత వి.పి.ఎన్. విషయము 2015లో బయటపడినది. అది వాడేవారి ఇంటర్నెట్ కనెక్షన్‌నే తన ఇంకొక వ్యాపారము ద్వారా ఇతరులకు అమ్ముతున్నది. అంటే మీ ఇంటి చిరునామాతో ఎవరో ఉత్తరాలు పోస్టు చేసుకుంటున్నారన్నమాట. ఆ ఉత్తరములో ఏమి ఉన్నదో మీకు తెలియదు.

ఇది చిన్న విషయము అనుకునేవారు 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ ప్రకటించిన కేసు వినవలసినదే. మాస్క్ వి.పి.ఎన్., డ్యూ వి.పి.ఎన్., షైన్ వి.పి.ఎన్. మొదలైన పేర్లతో ఉచిత యాప్‌లను పంచిపెట్టి, వాటిని వేసుకున్నవారి కంప్యూటర్లను రహస్యముగా ఒక పెద్ద వల వలె అల్లారు. దాని పేరు 911 ఎస్5. దానిలో చిక్కుకున్నవి 190కి పైగా దేశాలలోని సుమారు 1 కోటి 90 లక్షల ఇంటర్నెట్ చిరునామాలు. ఆ చిరునామాలను నేరస్థులకు అద్దెకిచ్చారు. వాటి మాటున ఆర్థిక మోసాలు, బాంబు బెదిరింపులు, పిల్లలపై అత్యాచారాలకు సంబంధించిన నేరాలు కూడా జరిగినవని ఆ శాఖ తెలిపినది. పోలీసులు చిరునామా పట్టుకొని వస్తే ముందుగా ఎవరి తలుపు తడతారు? నిర్దోషిదే.

"మేము ఏ రికార్డులూ ఉంచము" అని వ్రాసుకునేవారిని నమ్మవచ్చునా? హాంగ్‌కాంగ్‌కు చెందిన యు.ఎఫ్.ఓ. వి.పి.ఎన్. అలాగే వ్రాసుకున్నది. 2020 జూలైలో దానితోపాటు మరికొన్ని ఉచిత వి.పి.ఎన్.ల రికార్డులు తాళము లేని గదిలో ఉన్నట్టు ఇంటర్నెట్‌లో బయటపడి ఉన్నవి. వాటిలో పాస్‌వర్డులు ఉన్నాయి, ఎవరు ఏ వెబ్‌సైటు చూచారో ఆ వివరాలు ఉన్నాయి. ఉంచము అన్న రికార్డులే అవి.

అంతకు ముందే, 2016లో, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. వారు మరికొన్ని విశ్వవిద్యాలయాల వారితో కలిసి 283 ఆండ్రాయిడ్ వి.పి.ఎన్. యాప్‌లను పరీక్షించారు. వాటిలో అధిక భాగము ఉచితముగా దొరికేవే. నూటికి 75 యాప్‌లలో మనుషుల వెంట పడి సమాచారము సేకరించే ఏర్పాట్లు ఉన్నాయి. నూటికి 38లో హానికరమైన ప్రోగ్రాముల జాడ కనిపించినది. నూటికి 18 అసలు దేనినీ గోప్యముగా మార్చడము లేదు. పెద్ద కవరు అని చెప్పి పోస్టుకార్డు పంపుతున్నాయి.

ఇదంతా చదివి ఉచితమైనవన్నీ దొంగలేనని తీర్పు తీర్చడము న్యాయము కాదు. డబ్బు కట్టే ఖాతాదారుల ద్వారా నడుస్తూ, కొంత భాగాన్ని ఉచితముగా ఇచ్చే కంపెనీలు కొన్ని ఉన్నవి. పెళ్ళి భోజనములో దారిన పోయేవారికి కూడా ఒక ఆకు వేసినట్లు. స్విట్జర్లాండులోని ప్రోటాన్ సంస్థ ఇచ్చే ఉచిత వి.పి.ఎన్.కు డేటా పరిమితి లేదు. అయితే ఒక్క ఫోనులోనే పనిచేస్తుంది, దేశము ఎంచుకునే స్వేచ్ఛ ఉండదు, రద్దీ వేళల్లో నెమ్మదిస్తుంది. కెనడా వారి విండ్‌స్క్రైబ్, ఈ-మెయిల్ ఇచ్చి నిర్ధారించుకున్నవారికి నెలకు 10 జీబీ ఇస్తుంది. స్పష్టమైన వీడియో గంటసేపు చూస్తే దాదాపు ఒక జీబీ అయిపోతుంది గనుక, ఆ పది జీబీలు ఉత్తర ప్రత్యుత్తరాలకు చాలును గాని సినిమాలకు చాలవు. వీరి ఆదాయము ఎక్కడ నుండి వస్తున్నదో కంటికి కనిపిస్తున్నది. మా దృష్టిలో అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: వీరికి అన్నము పెడుతున్నది ఎవరు? దానికి జవాబు దొరకని యాప్‌ను, దానికి ఎన్ని నక్షత్రాలు ఉన్నా, ఫోనులోకి రానివ్వకపోవడము మంచిది.

ఇక అసలు మన ఇళ్ళలో వి.పి.ఎన్. అవసరము ఎంత? నిజము చెప్పాలంటే చాలా కొంచెము. ఒకప్పుడు వెబ్‌సైట్లు చాలా వరకు పోస్టుకార్డు వలె ఉండేవి. నేడు బ్యాంకు యాప్, ఫోన్‌పే, ప్రభుత్వ వెబ్‌సైట్లు అన్నీ తమ సమాచారాన్ని తామే కవరులో పెట్టి అతికించి పంపుతున్నాయి. వాట్సాప్ సందేశాలు 2016 నుండి పంపినవారికి, అందుకున్నవారికి తప్ప మధ్యలో ఎవరికీ చదవడానికి వీలులేని విధముగా వెళ్తున్నవి. గనుక సొంత సిమ్ డేటాతో ఇంట్లో కూర్చొని ఫోను వాడేవారికి వి.పి.ఎన్. లేకపోతే బ్యాంకు డబ్బు పోతుందన్న ప్రకటనలు అతిశయోక్తులు. పైగా వి.పి.ఎన్. వేసి ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు; విదేశము నుండి ఎవరో వచ్చారనుకొని ఆపివేస్తాయి.

"వెబ్‌సైటు పేరు ప్రక్కన తాళము గుర్తు ఉంటే చాలదా అయ్యగారూ?" అని ఒక పెద్దాయన మమ్మును అడిగారు. మంచి ప్రశ్న. కవరు అతికించి ఉన్నదని ఆ గుర్తు చెబుతుంది; అందుకునేవాడు మంచివాడని చెప్పదు. మోసగాడి వెబ్‌సైటుకు కూడా తాళము ఉంటుంది.

మన వారి డబ్బు పోతున్నది వేరే దారులలో. ఓ.టి.పి. చెప్పమని ఫోను వస్తుంది. పెళ్ళి శుభలేఖ అని, బ్యాంకు కె.వై.సి. అని, రైతుల సహాయము అని వాట్సాప్‌లో ఏ.పి.కె. ఫైలు వస్తుంది, దాన్ని నొక్కితే ఫోనే పరుల చేతిలోకి పోతుంది. వీటిలో దేనిని ఏ వి.పి.ఎన్. ఆపలేదు, డబ్బు కట్టి కొన్నదైనా సరే.

రైల్వే స్టేషనులో, ఆసుపత్రిలో, లాడ్జిలో ఉన్న వై-ఫై వాడవలసి వచ్చినప్పుడు మాత్రము మంచి వి.పి.ఎన్. కొంత మేలు చేస్తుంది. రాత్రంతా స్టేషనులో గడపవలసిన విద్యార్థికి పైన చెప్పిన రకము ఉచితమైనది సరిపోతుంది. ఆ పని అయిన తరువాత ఆపివేయాలి.

చట్టము సంగతి. మన దేశములో వి.పి.ఎన్. వాడటమే నేరమనే చట్టము లేదు. అయితే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశము ప్రకారము వి.పి.ఎన్. కంపెనీలు ఖాతాదారుల వివరాలను 5 ఏళ్ళు ఉంచాలి. ఇది ఇష్టము లేక నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ వంటి పెద్ద కంపెనీలు అదే సంవత్సరము భారతదేశములోని తమ కంప్యూటర్లను తీసివేసి వెళ్ళిపోయినవి.

యు.ఏ.ఇ. సంగతి వేరు, గల్ఫ్ కుటుంబాలవారు ఈ భాగము దయచేసి తమవారికి చదివి వినిపించండి. నేరము చేయడానికి గాని, దాన్ని దాచడానికి గాని వి.పి.ఎన్.తో ఇంటర్నెట్ చిరునామా మార్చితే అక్కడి చట్టము ప్రకారము జైలు, 5 లక్షల నుండి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చును. నెలకు 1,500 దిర్హాములు సంపాదించే ఇంటి పనిమనిషికి 5 లక్షలు అంటే 27 ఏళ్ళకు పైబడిన జీతము. కంపెనీలు, బ్యాంకులు తమ పనికి వి.పి.ఎన్. వాడుకుంటున్నాయి, నిజమే. అడ్డుకున్న కాల్‌ను దొడ్డిదారిన కలపడము నేరము క్రింద వస్తుందా రాదా అని తేల్చేది అక్కడి అధికారులు. గదిలోని తోటివారు కారు. అక్కడ అనుమతి పొందిన బాటిమ్ వంటి యాప్‌లు ఉన్నవి. ఇక్కడ తల్లిదండ్రులు కూడా అదే యాప్ వేసుకుంటే ముఖము చూచి మాట్లాడుకోవచ్చును. ఇది మన చేతిలో ఉన్న పని. వాట్సాప్‌లోనే రావాలని ఇంటి దగ్గర నుండి మనము పట్టుబట్టకూడదు.

తాళపుచెవి గుర్తు గురించి ముందు ఆపిన మాటకు వస్తాము. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను చట్టము ద్వారా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టము చేసినది. కాని విదేశీ పందెపు వెబ్‌సైట్లకు వెళ్ళడానికి యౌవనస్థులు కొందరు ఉచిత వి.పి.ఎన్. వేసుకుంటున్నారు. అక్కడ గెలిచిన డబ్బు ఇవ్వకపోయినా ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? మన చిరునామా మనమే దాచుకొని వెళ్ళిన చోటు అది. పొలము పెట్టుబడి కొరకు తెచ్చిన అప్పు ఒక్క రాత్రిలో కరిగిపోయిన తరువాత తండ్రికి తెలుస్తుంది. కుమారుని ఫోనులో ఆ గుర్తు కనిపిస్తే ఫోను లాక్కోవద్దు. ప్రక్కన కూర్చొని, ఇది దేనికి వాడుతున్నావు నాయనా అని నెమ్మదిగా అడగండి. పరీక్షల వెబ్‌సైటు కొరకని చెబితే, దానికి వి.పి.ఎన్. అక్కరలేదని మీకు ఇప్పుడు తెలుసును గదా!

తెలియని వి.పి.ఎన్. ఇప్పటికే ఫోనులో ఉన్నవారు చేయవలసినది కష్టమైన పని కాదు. సెట్టింగ్స్‌లో వి.పి.ఎన్. అని వెదకితే అక్కడ దాని పేరు కనిపిస్తుంది. దాన్ని తొలగించి, తరువాత యాప్‌ను కూడా తీసివేయాలి. ఆ యాప్ ఉన్న కాలములో వాడిన ఈ-మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులను ఇంట్లో ఉన్న వేరే ఫోను నుండి మార్చుకోవాలి. ఖాతాలో డబ్బు తగ్గినట్లు కనిపిస్తే మరునాటి వరకు ఆగకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకు వారికి కూడా తెలియజేయాలి.